గొంతులో చేదు

రాత్రి 8 గంటల 2 నిమిషాలు. 2003 మే 16, శుక్రవారం. కాశీవిశ్వనాథరాజును ఆసుపత్రికి తెచ్చేసరికే ప్రాణం లేదని డ్యూటీ డాక్టరు కాగితం మీద రాసి సంతకం చేశాడు.

8:40కి సర్కిల్ ఇన్‌స్పెక్టర్ చిట్టియ్య వచ్చాడు.

శవం స్ట్రెచర్ మీదే ఉంది. అరవై ఏడేళ్ళ మనిషి. పొడగరి. పెదవులు నీలంగా ఉన్నాయి. కుడి చేతిలో ఉబ్బసానికి పీల్చుకునే ఇన్‌హేలర్ ఇంకా బిగిసే ఉంది. నర్సు లాగినా రాలేదట.

"ఆయాసమేనా డాక్టరుగారూ?"

"చూస్తే అదేనండి. కానీ ఒకటి అర్థం కావట్లేదు. దారిలో ఆరేడుసార్లు ఇన్‌హేలర్ పీల్చారట. కొంచెమైనా తెరిపి రావాలి. రాలేదు. పోస్ట్‌మార్టం చేయించండి."

చిట్టియ్య ఆ మొహం వంక చూడలేకపోయాడు. కారణం ఉంది. పది రోజుల కింద ఈ మనిషే స్టేషన్‌కి వచ్చి ఒక కాగితం ఇచ్చాడు. 'రొయ్యల చెరువుల విషయంలో నాకు ప్రాణహాని ఉంది' అని అందులో ఒకే ఒక్క వాక్యం. ఎవరి మీద అనుమానమండీ అంటే, "చెప్పలేనండి, తప్పయితే పాపం" అన్నాడు. చిట్టియ్య ముద్ర కొట్టించి ఫైల్లో పెట్టాడు. ఆ ఫైలు మళ్ళీ తెరవలేదు.

రాజుగారి ఊరు గొల్లవారిగరువు. భీమవరానికి పదకొండు కిలోమీటర్లు. ఊరి పక్కన రెండేళ్ళుగా రొయ్యల చెరువులు లేచాయి. ఉప్పునీళ్ళు ఊరి మంచినీళ్ళ చెరువులోకి ఊరాయి. బిందెడు నీళ్ళ కోసం ఆడవాళ్ళు రెండు కిలోమీటర్లు నడుస్తున్నారు. చెరువులు తవ్వింది రాజుగారికి తమ్ముడితో ఉమ్మడిగా ఉన్న పొలంలోనే. తన సంతకం లేకుండా తవ్వారని ఆయనే కలెక్టరుకు అర్జీ పెట్టాడు. సోమవారం, పంతొమ్మిదిన, విచారణ. ఆయన నోరు విప్పితే గట్లు తెగ్గొట్టాల్సిందే.

ఆయన శుక్రవారమే పోయాడు.

* * *

శనివారం ఉదయం 6:50కి చిట్టియ్య, ఎస్.ఐ. గణేష్‌బాబు రాజుగారింటికి చేరుకున్నారు. అప్పటికే ఒళ్ళు జిడ్డుగా చెమట పడుతోంది. గాలిలో చెరువుల నీచువాసన.

ఇంట్లో ఉండేది నలుగురు. రాజుగారు. ఆయన భార్య జానకీదేవి. చనిపోయిన తమ్ముడి కొడుకు వంశీ, ముప్ఫై ఏళ్ళవాడు, మూడో ఏటి నుంచీ ఇక్కడే పెరిగాడు. ఇక రాజుగారి మందులు చూసుకునే రూతు. భీమవరంలో ఒక కంటి ఆసుపత్రిలో ఆయాగా ఆరేళ్ళు చేసి వచ్చిన మనిషి. పగలంతా ఇక్కడే. రాత్రి భోజనాలయ్యాక తల్లి దగ్గరికి పోతుంది.

రాత్రి జీపు పంపి రాజుగారి గదికి తాళం వేయించాడు చిట్టియ్య. ఇప్పుడు తీయించాడు. మంచం. పక్కన చిన్న టేబుల్. దాని మీద రూళ్ళ నోటుబుక్కు తెరిచి ఉంది. నోటుబుక్కు మీద వేలెడంత ప్లాస్టిక్ సీసా. కంట్లో వేసే చుక్కలమందు.

సీసాను రుమాలుతో ఎత్తి వెలుగుకు పెట్టాడు. పేరు లాటనోప్రోస్ట్. అడుగున కొంచెం మందు ఉంది.

"రాజుగారికి కళ్ళలో నీటికాసులు," అన్నాడు వాకిట్లో నిలబడ్డ వంశీ. నిద్రలేని కళ్ళు. నలిగిన లాల్చీ. "కంట్లో ప్రెషర్ ఎక్కువ. రోజూ సాయంత్రం ఏడింటికి రెండు కళ్ళలో చుక్క చుక్క వేయాలండి. రూతే వేస్తుంది."

'పెదనాన్న' అనకుండా 'రాజుగారు' అన్నాడు. పోలీసుల ముందు మర్యాద కాబోలు అనుకున్నాడు చిట్టియ్య.

నోటుబుక్కులో నీలం జెల్ పెన్నుతో తేదీలు. ఒక్కో తేదీ పక్కన టైము. చివరి వరస: 16-5, 7-05. ఆ అంకెల మీద సిరా చెదిరి గుండ్రటి మరకయింది. రూపాయి బిళ్ళకంటే చిన్న మరక. కన్నీళ్ళేమో అనుకుని పేజీని కవర్లో పెట్టించాడు. మంచం కింద చిన్న చెత్తబుట్ట ఉంది. అందులో రెండు దూది ఉండలు. వాటినీ విడిగా కవర్లో కట్టించాడు.

ఏడయింది. చిట్టియ్య జేబులోంచి తన సీసా తీశాడు. అతనికీ కంటి ప్రెషరే. మూడు నెలలైంది డాక్టరు చెప్పి. రోజుకు రెండు పూటలు. నిలబడే తల వెనక్కి వంచి, గబగబా చుక్క చుక్క పిండి, నాలుగుసార్లు కళ్ళార్పాడు. మందు చెంప మీదికి కారింది.

"సార్..."

తలుపు దగ్గర రూతు. ఏడ్చి ఏడ్చి మొహం వాచిపోయింది.

"ఏంటమ్మా?"

"అలా వేసుకోకూడదండి. సీసా మొన కంటికి తగిలింది, చూసుకోలేదు మీరు. చుక్క పడ్డాక కళ్ళు టపటపలాడించకుండా మూసుకోవాలండి. ఇదిగో, ముక్కు పక్కన ఈ మూల వేలుతో రెండు నిమిషాలు నొక్కిపట్టాలి. లేకపోతే మందు ముక్కులోంచి గొంతులోకి దిగి ఒళ్ళంతా పాకుతుందండి."

గణేష్‌బాబు నవ్వబోయి ఆగాడు. చిట్టియ్య నవ్వలేదు. అతని నాలుక వెనక అప్పుడే సన్నగా చేదు తగిలింది.

"రాజుగారికి అలాగే నొక్కిపట్టేదానివా?"

"రోజూనండి."

"నిన్న?"

రూతు తల దించుకుంది. "నిన్న నొక్కలేదండి. చుక్కలు వేశాను, కారింది దూదితో తుడిచాను, నోటుబుక్కులో రాశాను. నొక్కబోతుంటే వంశీబాబు వచ్చి అమ్మగారు పెరట్లోకి పిలుస్తున్నారన్నారు. వెళ్ళాను. పెరట్లో అమ్మగారు కనపడలేదు. తిరిగొచ్చేసరికి అయ్యగారు లేచి కూర్చున్నారు. 'ఇవాళ మందు మండింది రూతూ. గొంతు చేదెక్కింది' అన్నారండి."

"ఎన్నింటికి?"

"ఏడుంపావుకి."

"ఆయాసం ఎప్పుడు మొదలైంది?"

"ఏడూ ఇరవైకి. ఇన్‌హేలర్ నాలుగుసార్లు పీల్చారండి. గాలి ఆడలేదు. డ్రైవరు వచ్చి కారు కదిలేసరికి ఏడూ ముప్ఫై అయిదు. వెనక సీట్లో నేనూ అమ్మగారూ. అయ్యగారి తల నా ఒళ్ళోనే ఉంది." ఆమె తన అరచేతులు చూసుకుంది. "పాలకోడేరు దాటాక చెయ్యి చల్లబడిపోయిందండి."

"వంశీ?"

"ఇంటికి తాళం వేసి బండి మీద వస్తానన్నారు. మేం చేరిన పావుగంటకి వచ్చారు."

* * *

పొద్దున్న 11 గంటలకు చెరువుల లీజుదారు బుల్లిరాజును స్టేషన్‌కి పిలిపించారు. నిన్న సాయంత్రం 6:30కి అతను రాజుగారి అరుగు మీద కేకలు వేశాడని ఊళ్ళో ఎనిమిదిమంది చెప్పారు.

"ఎందుకెళ్ళావ్?"

"అర్జీ వెనక్కి తీసుకోమని బతిమాలడానికండి."

"బతిమాలితే వీధి చివరిదాకా వినపడిందా?"

"నా గొంతే అంతండి."

"గదిలోకి వెళ్ళావా?"

"అరుగు దాటలేదండి. ఆరూ యాభైకి వచ్చేశాను. ఏడింటికి ఐసు ఫ్యాక్టరీలో ఉన్నాను, అడగండి."

"ఆయన పోతే లాభం నీకే కదా?"

 బుల్లిరాజు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"సార్, లీజు కాగితం మీద పేరు నాది. అంతేనండి. చెరువులు నావి కావు. మోటార్లకి కరెంటు కనెక్షన్ ఎవరి పేరున ఉందో ఒక్కసారి ఆఫీసులో చూసుకోండి. ఇంతకుమించి నా నోటితో చెప్పలేను."

ఐసు ఫ్యాక్టరీ మేనేజరు అతను ఏడింటికి అక్కడే ఉన్నాడన్నాడు. కరెంటు ఆఫీసు రిజిస్టర్లో ఆ కనెక్షన్ వంశీ పేరున ఉంది.

చిట్టియ్య ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఎవరికీ చెప్పలేదు.

సాయంత్రం నాలుగింటికి గణేష్‌బాబు దాదాపు పరిగెత్తుకొచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ కవర్. అందులో పసుపు మూత సీసా.

"సార్, దొరికింది! రూతు ఇంట్లో. వాళ్ళమ్మ సంపూర్ణమ్మకీ నీటికాసులే. కంటి క్యాంపులో ఇచ్చారట. టిమోలాల్. రెండు సీసాలూ ఒకేలా ఉన్నాయి. సంచిలో తారుమారై తల్లి మందు ఈయనకి వేసింది. భయపడి మళ్ళీ సీసా మార్చేసింది. బయట ఊరివాళ్ళు గుమిగూడారు సార్. పిల్లని లోపలేసేద్దామా?"

చిట్టియ్య ఆ పేరు చదివాడు. తన జేబులో సీసా తీసి పక్కన పెట్టాడు. రెండింటి మీదా ఒకే పేరు. టిమోలాల్.

"ఎవర్నీ లోపలెయ్యొద్దు. జీపు తియ్యి."

* * *

రాజుగారికి మూడేళ్ళుగా కళ్ళు చూస్తున్నది భీమవరంలో డాక్టర్ లావణ్య. చిట్టియ్య రెండు సీసాల పేర్లూ చెప్పాడు. ఆమె చేతిలో పెన్ను కింద పెట్టేసింది.

"టిమోలాల్ ఆయనకా? అది విషమండీ ఆయనకి."

"నాకు మీలాంటి డాక్టరే రాసిచ్చారు కదండీ?"

"మీకు రాసేముందు ఏం అడిగారు?"

చిట్టియ్య గుర్తు చేసుకున్నాడు. "ఉబ్బసం ఉందా, గుండె నెమ్మదిగా కొట్టుకుంటుందా అనడిగారు."

"అదేనండి. మంచి మందే. లక్షలమంది వాడుతున్నారు. కానీ కంట్లో చుక్క కంట్లోనే ఉండదు. గొంతులోకి, రక్తంలోకి పోతుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఊపిరి గొట్టాలు మూసేస్తుంది. ఇన్‌హేలర్ తెరుద్దామన్నా ఇది తెరవనివ్వదు. అందుకే ఆయనకి లాటనోప్రోస్ట్ ఇచ్చాను."

"ఈ సంగతి ఇంట్లోవాళ్ళకి తెలుసా?"

"తెలియకేంటండి? 98లో వేరే ఊళ్ళో ఎవరో అడక్కుండా టిమోలాల్ రాసేశారు. మూడు రోజులు ఆసుపత్రిలో చావు దాకా వెళ్ళొచ్చారు. ఆ పాత చీటీ కూడా నా దగ్గరికి తెచ్చి చూపించారు. దాని మీద ఎర్ర ఇంకుతో 'మళ్ళీ వాడరాదు' అని రాసి ఇచ్చాను."

"తెచ్చిందెవరు?"

"వాళ్ళబ్బాయి. అంటే, తమ్ముడి కొడుకు. వంశీ."

చిట్టియ్య లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"డాక్టరుగారూ, లాటనోప్రోస్ట్ ఎక్కడ పెట్టుకోవాలండి?"

"సీలు తీయకముందు ఫ్రిజ్‌లో. తీశాక బయటే ఉంచుకోవచ్చు, నాలుగు వారాలు. ఎందుకండీ?"

అతను కవర్లోని నోటుబుక్కు పేజీని చూస్తున్నాడు. గుండ్రటి మరక. అది కన్నీటి చుక్క కాదు.

* * *

ఆ తర్వాతి పది రోజులూ గొల్లవారిగరువులో రూతు మొహం చూడ్డానికి కూడా ఎవరూ ఇష్టపడలేదు. చర్చికి వెళ్తే పక్కవాళ్ళు జరిగి కూర్చున్నారు. కిటికీ మీద ఎవరో రాయి వేశారు. చిట్టియ్య ఆ ఇంటి ముందు ఒక కానిస్టేబుల్‌ను కూర్చోబెట్టాడు. కాపలా రూతు పారిపోకుండా అని ఊరు అనుకుంది. ఊరిని అలాగే అనుకోనిచ్చాడు.

టేబుల్ మీద దొరికిన సీసానూ దూది ఉండల్నీ మనిషికిచ్చి హైదరాబాద్ ల్యాబ్‌కి పంపాడు. రోజుకు రెండుసార్లు ఫోన్ చేసి వాళ్ళ ప్రాణం తీశాడు. ఇంకో పక్క గణేష్‌బాబు మెడికల్ షాపులు గాలించాడు. భీమవరం, పాలకొల్లు, నరసాపురం, తణుకు.

సోమవారం విచారణ వాయిదా పడింది. అర్జీదారు మరణించినందున, అని నోటీసు.

చెరువుల్లో మోటార్లు మాత్రం రాత్రింబవళ్ళు ఆడుతూనే ఉన్నాయి.

* * *

మే 29, గురువారం. కర్మకాండ ముగిసిన మర్నాడు. మధ్యాహ్నం మూడున్నర.

రాజుగారి హాల్లో అయిదుగురు కూర్చున్నారు. జానకీదేవి, వంశీ, రూతు, బుల్లిరాజు, డాక్టర్ లావణ్య. గణేష్‌బాబు వీధి తలుపు దగ్గర నిలబడ్డాడు.

"నిన్న హైదరాబాద్ నుంచి ఫ్యాక్స్ వచ్చింది," అన్నాడు చిట్టియ్య. "టేబుల్ మీద సీసాలో ఉన్నది లాటనోప్రోస్ట్. కానీ రాజుగారి కళ్ళు తుడిచిన దూదిలో ఉన్నది టిమోలాల్. అంటే ఆయన కంట్లో పడ్డ మందు వేరు, తర్వాత టేబుల్ మీద దొరికిన మందు వేరు."

అందరి చూపూ రూతు వైపు తిరిగింది.

"ఇది వాళ్ళమ్మ వాడే మందే కదండీ," అన్నాడు వంశీ నెమ్మదిగా.

"అవును. నేను వాడేదీ అదే. సీసా మార్చిందెవరన్నదే ప్రశ్న. రూతమ్మా, చుక్కలు వేశాక ఏం చేశావ్?"

"నోటుబుక్కులో టైము రాశానండి. ఫ్యాన్ గాలికి పేజీలు లేవకుండా సీసా దాని మీద పెట్టాను."

"ఆ సీసా ఎప్పుడు తెరిచింది?"

"ఏప్రిల్ ఇరవై ఎనిమిదినండి. పంతొమ్మిదో రోజు."

"పంతొమ్మిది రోజులుగా ఈ గదిలోనే ఉంది. మే నెల వేడిలో. పొడిగా ఉండాలి." చిట్టియ్య పేజీ ఉన్న కవర్ పైకెత్తి చూపించాడు. "మరి ఈ తడి ఎక్కడిది? అంకెలు రాశాక పడింది. సీసా అడుగంత ఉంది. జెల్ పెన్ను సిరా నీళ్ళు తగిలితేనే చెదురుతుంది. ఇది ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన సీసా. ఈ ఉక్కలో బయటపెట్టగానే చెమట పట్టింది. రాసిన టైము ఏడూ అయిదు. కాబట్టి సీసా మారింది ఆ తర్వాత."

చిట్టియ్య రూతు వైపు తిరిగాడు.

"రూతమ్మా, ఆ రోజు పొద్దున్న ఫ్రిజ్‌లో కొత్త సీసాలు ఎన్ని?"

"రెండండి. మజ్జిగ తీస్తూ చూశాను."

"మర్నాడు మేం చూస్తే ఒకటే ఉంది. ఆయాసం మొదలయ్యాక అందరూ రాజుగారి చుట్టూనే ఉన్నారు, అప్పుడు సీసా మార్చే వీలు లేదు. ఏడూ ముప్ఫై అయిదుకి రూతు, జానకీదేవిగారు, డ్రైవరు కారులో వెళ్ళిపోయారు. రూతు చేతులు రాజుగారి తలకింద ఉన్నాయి. బుల్లిరాజు ఐసు ఫ్యాక్టరీలో ఉన్నాడు. ఇంట్లో మిగిలింది ఒక్కడే. జానకీదేవిగారూ, ఆ సాయంత్రం మీరు రూతును పిలిచారా?"

"లేదండి," అంది ఆవిడ. "నేను మేడ మీద బట్టలు తీస్తున్నాను."

"ఆ రెండు నిమిషాలూ రూతు కంటి మూల నొక్కిపడితే మందు గొంతులోకి అంతగా దిగేది కాదు. ఆ సంగతి తెలిసినవాడే ఆమెను బయటికి పంపాడు."

వంశీ కుర్చీ వెనక్కి జరిగింది. "ఊహలండీ ఇవన్నీ. తడి మరక చూసి మనిషిని ఉరితీస్తారా?"

"తియ్యరు. అందుకే ఇది కూడా తెచ్చాను."

గణేష్‌బాబు ఒక బిల్లు కాపీ టేబుల్ మీద పరిచాడు. పాలకొల్లులో ఒక మెడికల్ షాపుది. మే 14. టిమోలాల్, ఒకటి. పేషెంటు పేరు దగ్గర కాశీవిశ్వనాథరాజు అని ఉంది.

"చీటీ లేకుండా ఇవ్వనన్నాడు షాపు ఆయన. ఉన్న చీటీ ఒక్కటే, 98 నాటిది. ఎర్ర ఇంకుతో రాసిన చోటు మడిచి పెట్టి చూపించావ్ వంశీ. మడత విప్పి చదవలేదు ఆయన. కానీ నీ మొహం గుర్తుంది. ఫొటో చూడగానే చెప్పాడు. రాజుగారు కాగితంలో పేరు రాయలేకపోయింది కూడా నీదేనయ్యా. పెంచినవాణ్ణి అనుమానించడానికి చెయ్యి రాలేదు."

"వంశీబాబూ," అన్నాడు బుల్లిరాజు తల వంచుకుని. "చెరువులు నీవేనని నేనే చెప్పాను. క్షమించు."

వంశీ మొహంలో రక్తం లేదు. లావణ్యను చూశాడు, రూతును చూశాడు. చివరికి జానకీదేవి వైపు తిరిగాడు.

"పెద్దమ్మా, నువ్వైనా చెప్పు. నేనలాంటి వాణ్ణా? నీ చేతి ముద్దలు తిని పెరిగానే!"

ఆవిడ లేచి నిలబడింది. గోడ పట్టుకుని రెండడుగులు వేసి అతని ఎదురుగా ఆగింది. గొంతు పెంచలేదు.

"పెదనాన్న పోయాడు కాబట్టి పొలం కాగితాల మీద ఇక నేనే సంతకం పెట్టాలన్నావ్. నేను ఆయన మాటే నా మాట అన్నాను. ఆ మర్నాడే నా కళ్ళు ఎర్రబడ్డాయని, చుక్కలమందు తెస్తానని అన్నావ్. నాకూ చిన్నప్పటి నుంచి ఉబ్బసం, పిల్లికూతలే కదరా, నీకు తెలుసు." ఆవిడ ఊపిరి తీసుకుంది. "ఏ మందు తెద్దామనుకున్నావ్?"

హాల్లో ఫ్యాన్ తిరుగుతోంది. దూరంగా మోటార్ల చప్పుడు.

వంశీ తల దించుకున్నాడు.

గణేష్‌బాబు అతని చెయ్యి పట్టుకున్నాడు. జీపు ఎక్కేదాకా వంశీ తల ఎత్తలేదు.

జూన్ రెండో వారంలో జానకీదేవి కలెక్టరు ఎదుట నిలబడి భర్త అర్జీని తన పేరున మళ్ళీ ఇచ్చింది. రూతు పక్కనే ఉండి ఆవిణ్ణి మెట్లెక్కించింది. ఆగస్టులో గట్లు తెగ్గొట్టారు. కేసు ఏడాదిన్నర నడిచింది. స్టేషన్‌లోనూ కోర్టులోనూ వంశీ చాలా ప్రశ్నలకు జవాబులు చెప్పాడు. మందు ఎక్కడ కొన్నాడో చెప్పాడు. రాజుగారి సీసాలో మందు పిండేసి అందులోనే టిమోలాల్ ఎలా నింపాడో, ఫ్రిజ్‌లోని కొత్త సీసాను వాడినదానిలా కనపడేలా ఎలా పిండేశాడో చెప్పాడు. టిమోలాల్ నింపిన సీసాను ఏ చెరువులో విసిరాడో కూడా చూపించాడు.

పెద్దమ్మ అడిగిన ప్రశ్నకు మాత్రం, యావజ్జీవం పడిన రోజు కూడా, జవాబు చెప్పలేదు.